నాలుగు మూలల అతుకు

పోయిన వారం మనం ప్రభావతిని నూటనాలుగు డిగ్రీల జ్వరంలో వదిలేసి వచ్చాం. కుడిచేతి చూపుడువేలి దగ్గర మొదలైన ఎరుపు మోచెయ్యి దాటింది. చంకలో గడ్డ లేచింది. నరసరావుపేట దయానిలయం ఆసుపత్రిలో నర్సు చదువు చదువుతున్న పన్నెండుమంది ఆడపిల్లల్లో ఆమె ఒకతె. నాలుగు రోజులు కాన్పు కాక, బండి మీద వేసి తీసుకొచ్చిన ఒక తల్లికి లోపల చీము పడితే, కడగడానికి ప్రభావతిని పంపారు. ఆమె తొడుక్కున్న గ్లౌజు కారింది. వేలి మీద ముందురోజు పిన్నుతో గీసుకున్న గీత ఉంది. చీముకి అంతకంటే పెద్ద దారి అక్కర్లేదు.

ఆ గ్లౌజుకి అతుకు సరిగా వెయ్యకపోవడం వల్లనే ఇదంతా జరిగిందని, అతుకు వేసింది హన్నమ్మ అని, మేట్రన్ సలోమమ్మ రిపోర్టు రాసింది. హన్నమ్మ మూడో సంవత్సరం పిల్ల, ప్రభావతితో ఒకే గదిలో ఉంటుంది. ఇంకో ఆరు నెలల్లో పరీక్ష. శుక్రవారం కమిటీ కూర్చుని ఆమె పేరు కొట్టేసి ఇంటికి పంపేస్తుందని బోర్డింగులో అందరికీ తెలుసు. అక్కడ ఆగాం.

అసలు నర్సు చదువుకి వచ్చిన పిల్లకి అతుకుల పని ఎలా అంటుకుందో చెప్పాలి. చెబుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది, అయినా చెబుతాను.

యుద్ధం వచ్చి, రబ్బరు పండే దేశాలు జపాను వాళ్ళ చేతికి పోయాక కొత్త గ్లౌజులు రావడం తగ్గింది. తగ్గిందన్నాను గాని ఆగిపోయిందనలేదు. వచ్చిన కొత్తవి డాక్టరుగారి బీరువాలోకి, కాస్త పాతబడ్డవి మేట్రన్ బల్ల మీదికి, చిరిగినవి చదువుకునే పిల్లల అరలోకి వెళ్ళేవి. చీము కడిగే పని, కుళ్ళిన పుండు కట్టు మార్చే పని మాత్రం పిల్లలదే. అంటే పని ఎంత ప్రమాదమో గ్లౌజు అంత చిరుగు. ఈ ఏర్పాటు ఎవరి బుర్రలో పుట్టిందో గాని, వాళ్ళు చల్లగా ఉండాలని నేను మాత్రం అనను.

హన్నమ్మ చేరిన మొదటి వారంలో సలోమమ్మ ఒక్కొక్క పిల్లనీ నిలబెట్టి, మీ నాన్న ఏం చేస్తాడని అడిగింది. మా నాయన బావుల్లోంచి నీళ్ళు తోడే తోలు బానలు కుడతాడని హన్నమ్మ చెప్పింది. అయితే అతుకుల పని నీదే, తోలు ఇంట్లో పుట్టిన చెయ్యి అని సలోమమ్మ నవ్వుతూ అంది. మిగతా పదకొండుమంది కూడా నవ్వారు. అందులో ప్రభావతి ఉందో లేదో హన్నమ్మ తర్వాతెప్పుడూ అడగలేదు.

ఆనాటి నుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం ఉడకబెట్టి ఆరేసిన గ్లౌజులు గుట్టగా ఆమె ముందు పడేవి. ఒక్కొక్కదాన్నీ గాలి ఊది, బుగ్గ దగ్గర పెట్టుకుని చూసి, గాలి తగిలిన చోట పెన్సిలు గుర్తు పెట్టి, చచ్చిన గ్లౌజులోంచి ముక్క కోసి సైకిలు సొల్యూషనుతో అతికించేది. ఆమె అతుకు ఎప్పుడూ గుండ్రంగా ఉండేది. బానకైనా దేనికైనా అతుక్కి మూల ఉంటే ముందు అక్కడే లేస్తుందని వాళ్ళ నాయన ఏసోబు చిన్నప్పుడే నేర్పాడు.

పూర్తిగా చచ్చిన వాటిని వంటింటి వెనక కిరసనాయిలు డబ్బాలో వేసేది. కోసి పారెయ్యాల్సింది. కొయ్యలేదు. తోలు పని ఇంట్లో ముక్కని ఊరికే కొయ్యరు, ఏదో ఒక దానికి పనికొస్తుందని దాస్తారు. ఆ అలవాటే ఆమె కొంప ముంచింది.

మూడు వారాల కిందట ఒకే శనివారం తొమ్మిది గ్లౌజులు డబ్బాలో వేసింది. సలోమమ్మ అరలో లెక్కపెట్టి పిల్లలందరి ముందూ అరిచింది. అరలో పన్నెండు జతలు కనపడాలని, మేట్రన్ బల్ల మీదివి ఈసారికి ఇస్తున్నానని, ఇంకొక్కటి పారేస్తే పెట్టె సర్దుకోమని చెప్పింది. మరుసటి శనివారం హన్నమ్మ చేతికి ఇంకొకటి తగిలింది. ఎక్కడ పట్టుకున్నా పొట్టులా రాలుతోంది. దాన్ని ఒక పిల్ల చేతికి ఇవ్వడానికి ఆమెకి మనసొప్పలేదు. డబ్బాలో పడేసి, సోమవారం లెక్క కోసం రెండు రాత్రులు నిద్ర లేకుండా కాచుకుంది. సోమవారం చూస్తే పన్నెండు జతలు సరిగ్గా ఉన్నాయి. తనే తప్పు లెక్కపెట్టిందేమో అనుకుని గుండెల మీద చెయ్యేసుకుంది. ఎలా సరిపోయాయని ఎవర్నీ అడగలేదు.

*

శుక్రవారం పొద్దున పది గంటలకు కమిటీ ఆసుపత్రి వరండాలో కూర్చుంది. కుర్చీలు మూడు. ఒకదాంట్లో పెద్ద డాక్టరు జ్ఞానయ్య గారు, ఒకదాంట్లో సలోమమ్మ, మధ్యలో కమిటీ అధ్యక్షులు, పేటలో పేరున్న ప్లీడరు గురునాథం గారు. హన్నమ్మ స్తంభం పక్కన నిలబడింది. పదిమంది పిల్లలు వార్డు కిటికీల దగ్గర గుమిగూడారు. పొమ్మంటే పోలేదు.

ఏసోబు మెట్ల కింద ఎండలో నిలబడ్డాడు. ఆసుపత్రి వాళ్ళు రాసిన ఉత్తరాన్ని గురజాల దగ్గర వాళ్ళ పల్లెలో బడిపంతులు చదివి వినిపించాడట. మీ కుమార్తె అతుకు సరిగా వెయ్యనందువల్ల తోటి విద్యార్థినికి ప్రాణం మీదికి వచ్చింది గనుక వచ్చి తీసుకుపోవలసింది అని అందులో ఉంది. తీసుకుపోవలసింది అన్న ముక్క ఆయన చెవిన పడినట్టు లేదు. అతుకు దగ్గరే ఆగిపోయి, ఆ కోపంతోనే రైలెక్కి వచ్చాడు. పైకి రమ్మనిగాని, నీడకి రమ్మనిగాని ఎవరూ అనలేదు.

రిపోర్టు చదవడం అయ్యాక ఆయన మెట్టు మీద ఒక కాలు పెట్టాడు.

“అయ్యా, మా పిల్ల అతుకు కారిందని కాయితం రాశారు. నేను చూడాల.”

ఇది వైద్యానికి సంబంధించిన విషయమని, నీకు అర్థం కాదని జ్ఞానయ్య గారు అన్నారు.

“నీళ్ళ సంగతేగదయ్యా. నీళ్ళు నాకు తెలుసు.”

జ్ఞానయ్య గారు చిరాకుపడ్డారు. గురునాథం గారు మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుని, వస్తువు కళ్ళబడకుండా నేరం ఒప్పుకోవడం తనకి కోర్టులో అలవాటు లేదని, చూడనివ్వమని అన్నారు. పిల్లల అరలో మిగిలిన పదకొండు జతలూ తెప్పించారు.

ఏసోబు బక్కెట్టు నీళ్ళడిగాడు. ఒక్కొక్క గ్లౌజులో చెంబుతో నీళ్ళు పోసి, మూతి మెలేసి, మొలతాడుకి చుట్టుకున్న దారంతో బిగించి, దుప్పట్లు ఆరేసే తీగకి వేలాడదీశాడు. తొందరపడలేదు. ఇరవై రెండు చేతులు వేళ్ళు కిందికి పెట్టుకుని ఎండలో వేలాడాయి. పెద్దలెదుట వెలిగించకూడదు గనుక చుట్టని చెవి మీద పెట్టుకుని, ఒక చుట్ట కాలినంత సేపు ఆగాలని చెప్పి, గొంతుక్కూర్చున్నాడు.

మొదటి చుక్క నాపబండ మీద పడడానికి అంతసేపేమీ పట్టలేదు. తర్వాత రెండు, తర్వాత వరసగా. కిటికీల దగ్గర పిల్లలు తాము నిన్న తొడుక్కున్నవీ, మొన్న తొడుక్కున్నవీ గుర్తుపట్టి ఒకళ్ళ చేతులు ఒకళ్ళు చూసుకున్నారు. కొండమ్మ అనే మొదటి సంవత్సరం పిల్ల తన అరచేతుల్ని చీరకేసి తుడుచుకుంటూ ఉండిపోయింది. ఏసోబు లేచి కారేవాటిని వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. ఇరవై రెండింటిలో పదిహేను. ఒక్కొక్కదాని దగ్గరికీ పోయి, ఎక్కడ కారుతోందో వేలు పెట్టి తడిమి చూశాడు. ఆ తర్వాతే నోరు విప్పాడు.

“అతుకు ఒక్కటి కూడా కారట్లేదయ్యా. వేళ్ళ సందుల్లో కారతన్నాయి. అతుకు బతికే ఉంది, తోలు చచ్చింది. చచ్చిన తోలు మీద అతుకేసి బాన ఇస్తే మా ఊళ్ళో ఎద్దులు గూడా నన్ను చూసి నవ్వుతాయి.”

ఆయనకి రబ్బరైనా తోలే. గురునాథం గారు నవ్వలేదు. జ్ఞానయ్య గారి వైపు తిరిగి చూశారు. జ్ఞానయ్య గారు యుద్ధం గురించి, మలయా గురించి, సామాను కోసం మద్రాసుకి రాసిన ఇండెంట్ల గురించి, కష్టకాలంలో అందరూ సర్దుకోవాల్సిందేనన్న సంగతి గురించి చెప్పుకొచ్చారు. పెద్ద గొంతుతో, పాఠం చెబుతున్నట్టే చెప్పారు.

అందరూ అన్న మాట దగ్గర హన్నమ్మకి తెగింది. మూడేళ్ళుగా లోపల తొక్కి పెట్టుకున్న కోపం అది. పైకి వచ్చేటప్పటికి గొంతు కూడా పెద్దది కాలేదు.

“మీ గ్లౌజులు ఉడకబెట్టేది కూడా నేనేనండి. మీ బీరువాలో అతుకు లేనివి ఎనిమిది జతలున్నాయి. శుభ్రమైన ఒంటిని కొయ్యడానికి మీకు అవి. చీములో చెయ్యి పెట్టడానికి మాకు ఇవి. యుద్ధం మీ బీరువా దాకా రాలేదండి, మా అర దాకానే వచ్చింది.”

ఏమే, నోరు మూసుకో అని సలోమమ్మ లేచింది. ఆమె ముఖం కందిపోయింది. ఆమె కూడా ఒకప్పుడు ఇలాంటి గ్లౌజులే తొడుక్కుని పైకొచ్చిన మనిషి. తాను పడ్డాను గనుక వీళ్ళూ పడాలనే రకం. ఆ రకం మనుషుల మీద నాకు డాక్టరుగారి మీద కంటే ఎక్కువ కోపం. ఆమె విసవిసా లోపలికెళ్ళి ఒక కాగితం పొట్లం తెచ్చి ఏసోబు ముందు మెట్టు మీద పడేసింది. అతుకులు కారలేదంటున్నావుగా, ప్రభావతి తొడుక్కున్నది ఇదే, పోసి చూడమంది.

ఏసోబు పోశాడు. పోసిన మరుక్షణమే చూపుడువేలి మొదట్లో ఉన్న అతుకు లేచింది. సందులో కాదు, ఇంకెక్కడా కాదు, అతుకు దగ్గరే. నీళ్ళు సన్నటి ధారగా ఆయన ముంజేతి మీదుగా కారాయి. ఆయన దాన్ని ఎండకి ఎత్తి పట్టుకుని చూస్తూ నిలబడిపోయాడు.

ఆ అతుక్కి నాలుగు మూలలున్నాయి.

హన్నమ్మ రెండడుగులు ముందుకేసి చూసింది. గ్లౌజుని గుర్తుపట్టింది. పట్టుకుంటే పొట్టులా రాలే ఆ గ్లౌజే, తను డబ్బాలో పడేసిందే. అతుకునీ గుర్తుపట్టింది. గుడ్డకి మాసిక వేసేవాళ్ళు అలా పలకగా కోస్తారు. ప్రభావతి తల్లి మాచర్లలో రవికెలు కుడుతుంది. ప్రభావతి తన రవికె చంక కింద వేసుకున్న మాసిక కూడా సరిగ్గా ఇలాగే, నాలుగు మూలలూ దిద్దినట్టు ఉంటుంది.

సోమవారం నాటి లెక్క ఎలా సరిపోయిందో అప్పుడు తెలిసింది. ఇంకొక్కటి పారేస్తే పెట్టె సర్దుకో అని మేట్రన్ అరిచిన రోజున ప్రభావతి పక్కనే ఉంది. డబ్బాలోంచి ఆ గ్లౌజు తీసి, తనకి తెలిసిన పద్ధతిలో మాసిక వేసి, అరలో పెట్టి లెక్క నింపింది. పెట్టిన దాన్ని ఇంకొకరి చేతికి పోనివ్వకుండా తనే తీసి తొడుక్కుంది. హన్నమ్మతో ఒక్క ముక్క చెప్పలేదు.

పిచ్చిదానా అని హన్నమ్మ లోపల్లోపల తిట్టుకుంది. ఏడుపు వచ్చింది. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది, ప్రభావతి మీద, తన మీద, ఆ డబ్బా మీద, అరలో పన్నెండు జతలు కనపడాలన్న ఆ మాట మీద.

ఇది నా అతుకు కాదంటే చాలు, ఆమె బయటపడుతుంది. ఆ తర్వాత ఎవరిదని అడుగుతారు. పారేసిన సామాను మళ్ళీ వాడితే ఆసుపత్రిలో క్షమించరు. కిందటేడు పారేసిన కట్టుగుడ్డని ఉతికి తలకి చుట్టుకున్న పాపానికి ఒక పిల్లని ఆ సాయంత్రమే రైలెక్కించారు. ప్రభావతిని ఆ చేత్తో, ఆ జ్వరంతో రైలెక్కిస్తే మాచర్లకి చేరేది మనిషి కాదు.

“అయ్యా, ఇది…” అని ఏసోబు మొదలుపెట్టాడు.

“నాదే,” అంది హన్నమ్మ.

జ్ఞానయ్య గారు వెనక్కి వాలారు. ఒప్పుకోలు కాగితం ముందే రాయించి ఉంచారేమో, దాన్ని ఆమె వైపు జరిపారు. అజాగ్రత్త నాదేననీ, ఆసుపత్రి తప్పు ఏమీ లేదనీ రెండు వరసలు.

హన్నమ్మ కలం తీసుకోలేదు. సంతకం పెడతానని, ముందు ప్లీడరుగారు ఇంకో కాగితం రాసి డాక్టరుగారి చేత సంతకం పెట్టించాలని అంది. ఏం రాయాలని గురునాథం గారు అడిగారు.

“నీళ్ళు పోసి చూసి, కారని గ్లౌజు లేకుండా ఏ పిల్లనీ చీము దగ్గరికి పంపకూడదండి. అరలో మంచిది లేకపోతే బీరువాలోంచి ఇవ్వాలి. బీరువాలో కూడా లేకపోతే ఆ చీము డాక్టరుగారే కడగాలి.”

కిటికీల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. జ్ఞానయ్య గారు ఇంత పొగరా అన్నారు. చదువుకునే పిల్ల తనకి షరతులు పెట్టడం ఏమిటన్నారు. గురునాథం గారు అప్పటికే రాస్తున్నారు. రాస్తూనే, తీగ మీద పదిహేను సాక్ష్యాలు ఇంకా కారుతున్నాయని, ఈ సంగతి బయట పడితే ఆ పిల్ల ఒప్పుకోలు ఆసుపత్రిని కాపాడలేదని, ఇది డాక్టరుగారికి కూడా మంచి బేరమేనని మెల్లగా చెప్పారు. జ్ఞానయ్య గారు సంతకం పెట్టారు. కలం పాళీ కాగితంలో దిగబడింది.

హన్నమ్మ వార్డులోకి వెళ్ళి కత్తెర తెచ్చింది. తీగ దగ్గరికి వెళ్ళి, కారుతున్న పదిహేనింటినీ ఒక్కొక్కటే అరచేతిలో అడ్డంగా కోసేసింది. కోసినప్పుడల్లా చెంబెడు నీళ్ళు బండ మీద పడ్డాయి. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఒక ముక్కని పనికిరాకుండా కొయ్యడం ఆమెకి అదే మొదలు. ఈ పని ఆ శనివారమే చేసి ఉంటే ప్రభావతి చెయ్యి బాగుండేది. ఆ మాట అనుకుంటూనే కోసింది. పాదాల దాకా తడిసిపోయింది.

తిరిగి వచ్చి కలం అందుకోబోతుంటే గురునాథం గారు కాగితం మీద చెయ్యి పెట్టి ఆపారు. ముప్పై ఏళ్ళుగా సాక్షుల్ని చూసిన మనిషి. పొద్దుటి నుంచి చూసిన అతుకులన్నీ గుండ్రటివని, ఇది ఒక్కటే పలకగా ఉందని ఆయనకీ కనపడింది.

“ఏసోబూ, నువ్వు చెప్పు. ఇది నీ కూతురి అతుకేనా?”

ఏసోబు చేతిలో ఆ గ్లౌజు ఇంకా ఉంది. ఆయన కూతురి వైపు చూశాడు. హన్నమ్మ ఏ సైగా చెయ్యలేదు, కళ్ళు మాత్రం తిప్పుకోలేదు. చుట్టుపక్కల పదహారు ఊళ్ళలో ఏ బావి దగ్గరైనా బాన చూసి అది తన కుట్టో కాదో చెప్పగల మనిషి ఆయన. తనది కాని కుట్టుని తనదని ఏనాడూ అనలేదు. ఆ ఒక్క మాట మీదే ఆయన ఇంతదూరం వచ్చాడు. గ్లౌజుని మెల్లగా పిండి, మడిచి, మెట్టు మీద పెట్టాడు.

“మా పిల్లదేనయ్యా,” అన్నాడు. “నేను సరిగ్గా నేర్పలా.”

తర్వాత వెనక్కి తిరిగి, బక్కెట్టులో మిగిలిన నీళ్ళతో ముఖం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. హన్నమ్మకి అక్షరాలు కనపడలేదు. ఎక్కడ పెట్టాలో గురునాథం గారు వేలు పెట్టి చూపిస్తే అక్కడ సంతకం పెట్టింది.

అప్పుడే పిల్లల గదుల వైపు నుంచి ఆయా నాంచారమ్మ చెంగు బొడ్లో దోపుకుంటూ గబగబా వచ్చింది. సలోమమ్మ ఆగమని చెయ్యెత్తినా ఆగకుండా డాక్టరుగారి ముందుకొచ్చి నిలబడింది.

“ప్రభావతమ్మకి తెలివొచ్చిందయ్యా. ఆ గ్లౌజు సంగతి మీతో చెప్పాలంట. ఏమైనా సరే ఇప్పుడే చెప్పాలని మంచం దిగబోతంది.”

జ్ఞానయ్య గారు అప్పటికే లేచారు. కాగితం మీద హన్నమ్మ సంతకం ఇంకా ఆరలేదు.